జూన్ ఒకటో తారీఖు

మా ఊరి హోమ్ గోడ ఎత్తు తొమ్మిది అడుగుల నాలుగు అంగుళాలు. టేపు పట్టి కొలిపించింది నేనే కాబట్టి ఖచ్చితంగా చెప్పగలను. పది అడుగులు ఉండాలని మా కమిటీలోని ఓవర్సీరు గారు పట్టుబట్టారు. ఆయన ఇరిగేషన్‌లో చేసి రిటైరైన మనిషి. ఆరు చాలన్నారు పాస్టరు గారు.

"పిల్లల్ని ఉంచుతున్నామా, గోదావరిని ఆపుతున్నామా అండీ?" అని పాస్టరు గారు నవ్వారు.

"ఏదైనా ఒక్కచోటే తెగుతుందండి. తెగాక మనం చేసేదేం ఉండదు," అన్నారు ఓవర్సీరు గారు.

చివరికి ఇటుకలు అయిపోయిన చోట గోడ ఆగింది.

కేసు తేలేవరకు పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్ని ఉంచే చోటు అది. శిక్ష పడ్డవాళ్లు కాదు, విచారణ కోసం ఎదురుచూసేవాళ్లు. అంతకుముందు మా వైపు పిల్లాడెవడైనా పోలీసు కేసులో చిక్కుకుంటే చాలా దూరంలో ఉన్న సర్కారు హోమ్‌కు పంపాల్సి వచ్చేది. వ్యాను దొరికితే కానిస్టేబులు దొరకడు, కానిస్టేబులు దొరికితే వ్యాను ఉండదు. ఈలోపు రెండు మూడు వారాలు ఆ పిల్లాడు సబ్‌జైల్లో పెద్దవాళ్ల మధ్యే ఉండిపోయేవాడు. నేను లెక్కల టీచరుగా రిటైరైంది 2000లో. ఆ ఏడే నా దగ్గర తొమ్మిదో తరగతి చదివిన ఒకణ్ణి అలా చూశాను. సైకిలు దొంగతనం కేసు. పదిహేడు రోజులున్నాడు. సబ్‌జైలు గేటు దగ్గర నన్ను చూడగానే చేతులు కట్టుకుని, హోమ్‌వర్కు తేనివాడిలా నిలబడ్డాడు. తర్వాతి నెలలోనే మేం నలుగురం కలిసి కూర్చున్నాం. పాస్టరు గారు, ఓవర్సీరు గారు, ఒక ప్లీడరు గారు, నేను.

చర్చి వెనక కాలువ గట్టున ఒకప్పటి బోర్డింగు భవనం ఖాళీగా ఉండేది. పాస్టరు గారు తమ పెద్దల్ని ఒప్పించి దాన్ని ఇప్పించారు. సర్కారు అనుమతి ఇచ్చి, ఒక సూపరింటెండెంటుకీ ఇద్దరు కాపలావాళ్లకీ జీతాలు ఒప్పుకుంది. మిగతాదంతా ఊరు చూసుకోవాలి. ఆ 'మిగతాది' కోసం మాకు పదకొండు నెలలు పట్టింది. పెంకులు నేయించడానికి కాదు, వీధిని ఒప్పించడానికి.

భవనం పక్క వీధిలో పాలు పోసే ఆవిడ ఉండేది. మీటింగు పెట్టగానే లేచి నిలబడేది.

"దొంగల్ని తెచ్చి మా దొడ్డి వెనకాల కట్టేత్తారా అండీ? రేపు నా మెళ్లో గొలుసు పోతే ఈ పంతులమ్మ గారు చేయించిపెడతారా?"

"నీది రోల్డుగోల్డు కదే. వాళ్లు దొంగలే గానీ గుడ్డివాళ్లు కాదు," అంది పక్కింటావిడ. మీటింగంతా నవ్వింది. పాలావిడ కూడా నవ్వింది. ఆ నవ్వు తర్వాతే వీధి కొంచెం మెత్తబడింది.

ఒప్పుకుంటూ రెండు షరతులు పెట్టారు. ఒకటి గోడ. రెండోది, లోపల పిల్లలే ఉండాలి, ఎదిగిన మగవాళ్లు ఉండకూడదు. దానికి బదులుగా ఏడు వీధులు ఏడు రోజులూ వంతుల వారీగా అన్నం కూరలు పంపడానికి ముందుకొచ్చాయి. సోమవారం బజారు వీధి, మంగళవారం కాలువ వీధి, ఆదివారం చర్చివాళ్లు. క్యారియర్లు తేవడం, తిరిగి తీసుకెళ్లడం ఎవరి పనో నేనే పట్టిక గీసి గుమ్మం పక్కన అంటించాను. 2001 డిసెంబరులో మొదటి ముగ్గురు పిల్లలు వచ్చారు. మంగళవారం మజ్జిగ బిందె ఎత్తుకుని మొదట వచ్చింది ఆ పాలావిడే.

రెండో షరతు దగ్గరే తేడా వచ్చింది. 2002 వేసవిలో ఒకడు ఏదో ప్రైవేటు బడి ఇచ్చిన సర్టిఫికెట్‌తో వచ్చాడు. కాగితంలో పదిహేడేళ్లు. వచ్చిన నాలుగో రోజున పదమూడేళ్ల పిల్లాడి మణికట్టు విరగ్గొట్టాడు. ఆరా తీస్తే ఇరవై రెండేళ్లవాడని, సర్టిఫికెట్ కొనుక్కున్నదని తేలింది. నాలుగు రోజులు ఏ వీధి నుంచీ క్యారియరు రాలేదు. సూపరింటెండెంటూ నేనూ కలిసి అన్నం వండి పెట్టాం. హోమ్ ఇక మూతపడుతుందనుకున్నాం.

అప్పుడు నేను ఒక నియమం రాశాను. అయిదు వాక్యాలు. మూడో వాక్యం ఇది: "వయసుకు బడి ప్రవేశ రిజిస్టరు మాత్రమే ఆధారం, తల్లిదండ్రుల మాట, జాతకం, రేషను కార్డు చెల్లవు." వీధులవాళ్లకు చదివి వినిపించాను. క్యారియర్లు మళ్లీ వచ్చాయి.

వయసు తేల్చేది కోర్టే. కానీ ఆ నియమం వచ్చాక మా కమిటీ కాగితం లేకుండా మేజిస్ట్రేటు గారు ఎవరినీ హోమ్‌కు పంపేవారు కాదు. ఆ కాగితం మీద సంతకం నాది. 2004 జులై మొదలయ్యేసరికి ముప్ఫై ఒక్క కాగితాలు రాశాను. వాటిలో తొమ్మిది, "ఇతడు బాలుడు కాడు" అని. ఆ ముప్ఫై ఒకటీ సరైనవేనని నా నమ్మకం. చెప్పుకుంటే సిగ్గుగా ఉంది గానీ, గర్వంగానూ ఉండేది.

ఆ జులై అయిదో తారీఖు సోమవారం ఒక అబ్బాయిని కోర్టులో పెట్టారు. సముద్రం వైపు ఊళ్లో రొయ్యల చెరువు మీద కాపలా ఉండేవాడు. చెరువు మోటారు పోయింది. వాడితో పాటు మరో ఇద్దరు పెద్దవాళ్ల మీద కేసు. వాడు చదివిన హైస్కూలు సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ 1986 జూన్ ఒకటి. అంటే పద్దెనిమిది నిండి ముప్ఫై నాలుగు రోజులు. పెద్దవాళ్లతో పాటే సబ్‌జైలుకు పంపారు.

జులై పదకొండు, ఆదివారం, నాలుగు గంటలకు వాళ్లమ్మ హోమ్ గేటు దగ్గరకు వచ్చింది. ప్లీడరు గారే పంపారట. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఉతికి మడత పెట్టిన చొక్కా. నేను వరండాలో కుర్చీ వేసుకుని సర్టిఫికెట్ నకలు చూస్తున్నాను.

"వరదలో పుట్టేడండి మా వోడు," అంది. "ఎనబై ఆరు వరదలో. జెండా పండగ నాడు ఏటిగట్టు ఎక్కేమండి. తెల్లారి ఆ గట్టు మీదే పుట్టేడు."

"సర్టిఫికెట్‌లో జూన్ ఒకటి ఉందమ్మా."

"అది చిన్న బళ్లో పంతులమ్మ గారు ఏసేరండి. అయిదు నిండితేగానీ చేర్చుకోరంట కదండీ. నిండలేదని అలా ఏసేరు."

"ఏ పంతులమ్మా అలా వేయదమ్మా. రికార్డంటే ఆటలా?"

నేను తలెత్తితే ఆమె నా మొహం వంకే చూస్తూ ఉంది. "చిత్తమండి," అని చొక్కా కవరు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఎనభై ఆరు వరద ఆగస్టులో వచ్చిందని గోదావరి జిల్లాల్లో తెలియనివాళ్లు లేరు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఏ రోజున ఎంత ఉందో ఆ ఏటి నా డైరీలోనే రాసి ఉంది. ఆమె చెప్పిన మాటను ఆ డైరీతో సరిచూడడానికి అయిదు నిమిషాలు చాలు. చూడలేదు. తల్లి మాట చెల్లదని రాసింది నేనే. మర్నాడు ముప్ఫై రెండో కాగితం రాసి పంపాను: "ఇతడు బాలుడు కాడు."

జులై ఇరవై అయిదు, ఆదివారం, మళ్లీ వచ్చింది. ఈసారి గేటు లోపలికి వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"జైల్లో తోటి ఉన్నోళ్లు వీడి చేత బట్టలు ఉతికిత్తన్నారంటండి. అన్నం కూడా తీసేసుకుంటన్నారంట. ఇంకోపాలి చూడండి అమ్మగారూ. ఆ చిన్న బడి పుత్తకం తెప్పించి చూడండి."

విసుగొచ్చింది. ఫైలు మూసేయడానికైనా ఆ పుస్తకం చూడడం మంచిదే అనుకుని మర్నాడు హైస్కూలుకు ఫోను చేశాను. గుమాస్తా ఫైలు తీసి, అబ్బాయి అంతకుముందు ఏ ఊరి ఎలిమెంటరీ స్కూల్లో చదివాడో చెప్పాడు. గోదావరి మధ్యలో ఒక లంక. ఆ కుటుంబం తర్వాత రొయ్యల చెరువుల పని కోసం సముద్రం వైపు వలస పోయిందట.

ఆ లంక బడి ఏకోపాధ్యాయ పాఠశాల. ప్రమోషను మీద హైస్కూలుకు రాకముందు, 1989 నుంచి 1992 వరకు అక్కడి ఏకోపాధ్యాయిని నేనే.

జులై ఇరవై తొమ్మిది, గురువారం, లంకకు వెళ్లాను. రేవులో వరద ఎర్రనీరు వచ్చి ఉంది. పడవవాడు, "ఈ నీటిలో మీకేం పనండీ?" అన్నాడు. బడిలో ఉన్న కుర్ర మాస్టారు బీరువాలోంచి ప్రవేశ రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టి, నాకు కుర్చీ వేశాడు. 1991 పేజీ తెరిచాను. నీలి సిరా. నా చేతిరాతే. ఆ ఏడు ఇరవై ముగ్గురు చేరారు. వాళ్లలో పంతొమ్మిది మంది పుట్టిన తేదీ జూన్ ఒకటి. వరుస సంఖ్య పద్నాలుగు ఆ అబ్బాయిది.

అప్పట్లో అందరం అలాగే రాసేవాళ్లం. జూన్‌లో బడి తెరవగానే లంకలోని తల్లులు పిల్లల రెక్కలు పట్టుకుని వరుసలో నిలబడేవారు. పుట్టిన తేదీ అడిగితే తుఫాను ముందని, మేనమామ పెళ్లికి కడుపులో ఉన్నాడని చెప్పేవారు. అయిదు నిండని పేరు ఇన్‌స్పెక్టరు కొట్టేస్తాడు. కొట్టేస్తే ఆ పిల్ల ఏడాదంతా గేదెల వెంట తిరుగుతుంది, మళ్లీ బడి మొహం చూస్తుందో లేదో. అందుకని బడి తెరిచే నెల మొదటి తారీఖు వేసి, అయిదు నిండినట్టు చేసేవాళ్లం. ఒకసారి ఇన్‌స్పెక్టరు గారు పేజీ తిప్పుతూ, "ఏమండీ పంతులమ్మ గారూ, మీ లంకలో ఏడాదికి ఒక్క రోజే కాన్పులా?" అన్నారు. "మంచి రోజు చూసుకుని కంటారండి," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

పద్నాలుగో తల్లి ఆ రోజు వరద సంగతి నాకు చెప్పిందా? చెప్పే ఉంటుంది. నాకు గుర్తులేదు. నాకు గుర్తులేనివి చాలా తక్కువ కాబట్టి ఈ వాక్యం రాయడం కష్టంగా ఉంది. లాంచీ మూడున్నరకు బయల్దేరుతుందని, దాన్ని అందుకోవాలని తొందరపడడం మాత్రం గుర్తుంది. జూన్ ఒకటి నుంచి ఆగస్టు పదహారుకు డెబ్బై ఆరు రోజులు. అయిదేళ్ల పిల్లాడికి డెబ్బై ఆరు రోజులు అటూ ఇటూ అయితే ఏమవుతుంది అనుకున్నాను. వాడికి పద్దెనిమిదేళ్లు వచ్చే ఏడు, సరిగ్గా ఆ రోజుల మధ్యలోనే పోలీసులు పట్టుకుంటారని ఎవరు అనుకుంటారు?

శుక్రవారం ప్లీడరు గారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మేడమ్ గారూ, ఈ మాట మీరు కోర్టులో చెబితే అది ఒక్క పిల్లాడి సంగతి కాదండి. రేపు ప్రతి ప్లీడరూ లేచి, 'రిజిస్టరులో ఉన్నది ఉత్త ఊహండి, ఆ పంతులమ్మ గారే చెప్పారు' అంటాడు. ముప్ఫై ఏళ్లవాడు కూడా బాలుణ్ణంటాడు. వీధులవాళ్లు క్యారియర్లు ఆపేస్తారు. లోపల పద్నాలుగు మంది పిల్లలున్నారు. ఆలోచించుకోండి."

ఆలోచించుకున్నాను. ఒకవైపు పద్నాలుగు మంది, ఇంకోవైపు ఒకడు. లెక్కల టీచరును కదా, ఆ లెక్క నాకు సుఖంగా తోచింది. ఇంకో మాట కూడా ఉంది. తేదీల దగ్గర నిక్కచ్చి మనిషినని ఊళ్లో నాకున్న పేరు పోతుందని భయపడ్డాను. ఆ మాట అప్పుడు ప్లీడరు గారితో అనలేదు.

ఆగస్టు రెండు, సోమవారం, వాయిదా. కోర్టు హాల్లో రెండో బెంచీ మీద కూర్చున్నాను. మేజిస్ట్రేటు గారు మా ముప్ఫై రెండో కాగితం చూసి, "ప్రవేశ రిజిస్టరు ప్రకారం మేజరు," అని రిమాండు పొడిగించారు. మొత్తం రెండు నిమిషాలు. వాళ్లమ్మ తలుపు పక్కన నిలబడి ఉంది. మేజిస్ట్రేటు గారి వైపు చూడలేదు. నా వైపే చూస్తూ ఉంది. నేను సంచిలో ఏదో వెతుక్కున్నాను.

తర్వాతి వారం కమిటీలో విషయం చెప్పాను. ప్లీడరు గారు తన మాటే మళ్లీ అన్నారు. పాస్టరు గారు ప్రార్థించి నిర్ణయించుకోమన్నారు. ఓవర్సీరు గారు లేచి వెళ్లబోతూ గుమ్మంలో ఆగారు.

"కాలువ మీద లస్కర్లు ఉండేవారండి, గట్టు కాపలాకి. గండి పడకుండా ఆపలేకపోయిన లస్కరుని మేం ఏమీ అనేవాళ్లం కాదు. గండి చూసి కూడా వచ్చి చెప్పనివాణ్ణి మాత్రం ఆ రోజే పనిలోంచి తీసేసేవాళ్లం."

ఆగస్టు పదహారు, సోమవారం, వాయిదాలో నేను లేచి నిలబడ్డాను. ఆ తేదీ వేసింది నేనేనని, ఊహించి వేశానని చెప్పాను. రిజిస్టరు నకలు, వరద ఏటి నా డైరీ చూపించాను. వాళ్లమ్మ గట్టు మీద కాన్పు సంగతి చెప్పింది.

"ఇలా ఎంతమందికి వేశారు?" అన్నారు మేజిస్ట్రేటు గారు.

"ఆ బళ్లో మూడేళ్లలో యాభై ఎనిమిది మందిని చేర్చుకున్నానండి. నలభై ఆరుగురికి అలా వేశాను."

"లెక్క మాత్రం బాగానే పెట్టుకున్నారే!" అన్నారాయన. వెనక ఎవరో నవ్వారు. డాక్టరు పరీక్ష అయ్యేవరకు అబ్బాయిని హోమ్‌లో ఉంచమని ఆర్డరు రాశారు.

ఆ రోజుకు వాడికి నిజంగా పద్దెనిమిది నిండాయి. పట్టుకున్న నాటికి నలభై రెండు రోజులు తక్కువ. సబ్‌జైల్లో ఉన్నదీ నలభై రెండు రోజులే. అందులో మొదటి ఇరవై నాలుగు నాకు తెలియక పోయినవి. చివరి పద్దెనిమిది తెలిసి నేను పోనిచ్చినవి.

సాయంత్రం అయిదున్నరకు హోమ్‌కు తెచ్చారు. వాళ్లమ్మ గేటు బయట ఉంది. చేతిలో అదే కవరు.

"చెబుతారని అనుకున్నానండి," అంది.

"ఆ పంతులమ్మను నేనేనని నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి ఆదివారమేనండి. గేటు కాడే పోల్చుకున్నాను. కాత్త జుట్టు నెరిసింది, అంతే."

"మరి అప్పుడే అనలేదేం?"

ఆమె ఇబ్బంది పడింది. "మీ మొహం మీదే మీరు తప్పేసేరని ఎలాగంటానండి? మా వోణ్ణి ఒళ్లో కూచోబెట్టుకుని అక్షరాలు దిద్దించేరు మీరు. మీకే గుర్తొత్తాదిలే అనుకున్నాను."

లోపల అబ్బాయికి అన్నం పెట్టారు. ఎడమ చెయ్యి కంచం చుట్టూ అడ్డం పెట్టుకుని, తల ఎత్తకుండా, మూడు నిమిషాల్లో తినేశాడు. తన వంతు మంగళవారమే అయినా ఆ రోజూ వచ్చిన పాలావిడ మజ్జిగ పోస్తూ, "నెమ్మదిగా తినరా నాయనా, ఇక్కడెవరూ లాక్కోరు," అంది. వాడు వినలేదు. తన కంచం కడుక్కుని వచ్చి, ఎవరూ చెప్పకుండానే మిగతా పిల్లల కంచాలన్నీ పోగేసి కడిగాడు. మర్నాడు చిన్నపిల్లల బట్టలు తీసుకెళ్లి కుళాయి దగ్గర ఉతుకుతూ కనిపించాడు. వద్దంటే ఆగేవాడు. మేం అటు తిరగగానే మళ్లీ మొదలుపెట్టేవాడు. ఉన్న తొమ్మిది రోజులూ అంతే. నన్ను పంతులమ్మగా పోల్చుకున్నాడో లేదో తెలియదు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

"ఇదివరకు నిద్రలో కూడా వాగేవోడండి. ఇప్పుడు మెలకువలోనే మాటాడ్డు," అంది వాళ్లమ్మ, బెయిలు వచ్చి తీసుకెళ్లేటప్పుడు.

ప్లీడరు గారు భయపడింది కొంత నిజమైంది. రెండు కేసుల్లో రిజిస్టరు మీద తగాదా పెట్టారు. రెండూ నిలవలేదు. వీధులవాళ్లు మాత్రం క్యారియర్లు ఆపలేదు. కాలువ వీధిలో నేను అడగకముందే పాలావిడ చెప్పేసింది: "మా అమ్మాయిదీ జూన్ ఒకటేనండి. నేనే ఏయించేను. దానికేముంది?" ఆ మాట ఆగస్టు రెండుకు ముందు నాకు తెలిసి ఉంటే అనుకోవడం ఉత్త సాకు. వీధి తలుపు తట్టి అడగలేదు నేను. నియమంలో మూడో వాక్యం నా చేత్తోనే కొట్టేసి, మొదట తల్లిని అడగాలని రాశాను. ఆ తర్వాత 2007లో సర్కారు సొంత భవనం కట్టుకుంది. పిల్లల్ని అక్కడికి మార్చారు. మా బోర్డింగు చర్చికి తిరిగి వెళ్లింది. గోడ ఇంకా ఉంది.

రొయ్యల చెరువు కేసు నాలుగేళ్లకు కొట్టేశారు. అప్పటికి దానితో ఎవరికీ పని లేకపోయింది. సబ్‌జైల్లో పరిచయమైన ఒకతని లారీ మీద ఆ అబ్బాయి క్లీనరుగా వెళ్లాడు. 2005 నవంబరులో ఆ లారీలోనే వాడి మీద రెండో కేసు పడింది. ప్లీడరు గారు కోర్టులో చూసి వచ్చి నాకు చెప్పారు. ఈసారి మమ్మల్ని ఎవరూ కాగితం అడగలేదు. జూన్ ఒకటి ప్రకారం చూసినా, ఆగస్టు పదహారు ప్రకారం చూసినా పంతొమ్మిది నిండాయి.

ప్లీడరు గారు చెప్పిన తర్వాతి ఆదివారం నాలుగు గంటలకు హోమ్ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ పై ఆదివారం కూడా. చేతిలో కాగితాలేవీ పెట్టుకోలేదు, గేటు వైపే చూస్తూ ఆరింటి వరకు ఉన్నాను. వాళ్లమ్మ రాలేదు.